వక్త లేని ఆజ్ఞ

ఆజ్ఞారూపమైన వాక్యానికి వినేవాణ్ణి కదిలించే బలం ఎక్కడినుంచి వస్తుందనేది భారతీయ దర్శనకారులు శతాబ్దాల తరబడి తర్కించిన ప్రశ్న. "ఆవును తోలుకురా" అని పెద్దవాడు అనగానే చిన్నవాడు లేచి వెళతాడు. అతడు లేవడానికి కారణం ఆ మాటలోనే ఉందా, మాట అన్నవాడి ఇష్టంలో ఉందా, లేక ఆ పని వల్ల తనకు మేలు కలుగుతుందని విన్నవాడికి తోచడంలో ఉందా అన్న విషయంలో మీమాంసకులకూ నైయాయికులకూ పొత్తు కుదరలేదు, మీమాంసకులలో మళ్లీ భాట్టులకూ ప్రాభాకరులకూ కుదరలేదు. ఈ వాదమంతా వేదవిధిని, అనగా ఫలానా కర్మ చేయవలెనని శాసించే వేదవాక్యాన్ని, కేంద్రంగా పెట్టుకొని నడిచింది కనుక నేటి పాఠకుడికి అది యాగశాల గోడల మధ్యనే ముగిసిపోయిన చర్చగా తోస్తుంది. ఆజ్ఞను విని అమలుచేయడం తప్ప మరొకటి ఎరుగని శ్రోతలు, అంటే కంప్యూటర్లు, లోకమంతా నిండిన తరువాత ఆ చర్చకు యాగశాల వెలుపల కూడా పని పడింది. సర్వర్ల నిర్వహణకు వాడే ఒక సాఫ్ట్‌వేర్‌లో 2022లో సరిదిద్దిన లోపం ఇందుకు మంచి సాక్ష్యం. దాని పనితీరును దగ్గరగా చూస్తే తప్ప ప్రశ్న పదును తెలియదు గనుక ముందుగా ఆ వివరం చెప్పుకోవాలి.

వెబ్‌సైట్లు కొలువుండే కంప్యూటర్‌ను సర్వర్ అంటారు. ఒకే సర్వర్ మీద అనేకుల సైట్లకు చోటిచ్చి అద్దె తీసుకునే వ్యాపారమే వెబ్ హోస్టింగ్. కొత్త ఖాతా తెరవడం, ఈమెయిల్ ఏర్పాటు చేయడం, డేటాబేస్ సృష్టించడం, బ్యాకప్ తీయడం వంటి పనులకు లైనక్స్ ఆదేశాలను ఒక్కొక్కటిగా టైపు చేసే శ్రమ లేకుండా, బ్రౌజర్‌లోనే బటన్లు నొక్కి చేసుకునే వీలు కల్పించే సాఫ్ట్‌వేర్‌ను కంట్రోల్ ప్యానెల్ అంటారు. సీప్యానెల్, ప్లెస్క్, వెబ్‌మిన్ ఈ కోవలోవి; పూర్వం సెంట్‌ఓఎస్ వెబ్ ప్యానెల్ అని పిలిచిన కంట్రోల్ వెబ్ ప్యానెల్ కూడా ఈ కోవలోదే. సర్వర్‌లో ఏ మూలనైనా మార్పు చేయగలగాలి కనుక ఇటువంటి ప్యానెల్ రూట్ అధికారంతో పనిచేస్తుంది. రూట్ అంటే లైనక్స్‌లో అడ్డుచెప్పేవారు లేని ఖాతా. బటన్ నొక్కినప్పుడు ప్యానెల్ చాలాసార్లు చేసే పని ఏమిటంటే, తగిన ఆదేశాన్ని అక్షరాల వరుసగా కూర్చి షెల్ అనే ప్రోగ్రామ్‌కు అందించడం. షెల్ ఆ వరుసను చదివి, పదాలుగా విడగొట్టి, అమలుచేస్తుంది. దర్శనాల పరిభాషలో చెప్పాలంటే షెల్ ఒక శ్రోత, విన్నదాన్నల్లా విధిగా స్వీకరించే శ్రోత.

కంట్రోల్ వెబ్ ప్యానెల్‌లోని లోపం, సీవీఈ-2022-44877 అనే సంఖ్యతో నమోదైనది, లాగిన్ పేజీలో ఉంది. ఎవరైనా తప్పు వివరాలతో లోపలికి రాబోతే ఆ ప్రయత్నాన్ని లాగ్‌లో, అంటే జరిగినదంతా వరుసగా రాసిపెట్టే చిట్టాలో, ఎక్కించాలన్నది రచయితల ఉద్దేశం, మెచ్చదగిన ఉద్దేశమే. అందుకోసం వారు షెల్ చేత ఎకో అనే ఆదేశాన్ని నడిపించారు. ఎకో తనకిచ్చిన మాటను తిరిగి పలుకుతుంది, ఆ పలుకును ఫైల్‌లోకి మళ్లిస్తే చిట్టాలో ఒక పంక్తి చేరుతుంది. వచ్చినవాడు ఏ వెబ్ చిరునామాను కోరాడో అది కూడా ఆ పంక్తిలో యథాతథంగా ఉండాలి. ఈ మాటలన్నిటినీ వారు డబుల్ కోట్స్ మధ్య పెట్టారు. సింగిల్ కోట్స్ మధ్య ఏమున్నా షెల్‌కు అది ఒట్టి అక్షరాల గుంపు. డబుల్ కోట్స్ మధ్య మాత్రం డాలర్ గుర్తు ప్రాణంతోనే ఉంటుంది. దాని వెంట కుండలీకరణంలో ఒక ఆదేశం కనిపిస్తే షెల్ ముందుగా ఆ ఆదేశాన్ని నడిపి, వచ్చిన ఫలితాన్ని ఆ చోట పూరించి, ఆ తరువాతే ఎకోను పిలుస్తుంది. కనుక పాస్‌వర్డ్ తెలియని అపరిచితుడు వెబ్ చిరునామాలోనే ఒక ఆదేశాన్ని పొదిగి పంపితే, ఇతడికి ప్రవేశం లేదని చిట్టాలో రాసుకుంటున్న క్షణంలోనే సర్వర్ అతడి ఆదేశాన్ని రూట్ హోదాలో నెరవేర్చేది. సమాచారంగా వచ్చిన అక్షరాలు ఇలా ఆదేశంగా చెలామణి కావడాన్ని ఇంజెక్షన్ అంటారు. 2022 అక్టోబరు 25న వెలువడిన 0.9.8.1147 వెర్షన్‌లో దీన్ని సరిదిద్దారు. 2023 జనవరి మొదట్లో లోపం వివరాలు బహిరంగం కాగానే రోజుల వ్యవధిలోనే దాడులు మొదలయ్యాయి. తీవ్రత కొలమానంలో దీనికి పదికి 9.8 వేశారు.

దీన్ని ఒక్క ప్యానెల్ రచయితల అజాగ్రత్త అని తోసిపుచ్చడం తేలికే గాని న్యాయం కాదు. డేటాబేస్ ప్రశ్నల్లో ఇదే తరహా చొరబాటు సాధ్యమని 1998 డిసెంబరులో ఫ్రాక్ అనే పత్రిక ప్రకటించింది. 2014 సెప్టెంబరులో షెల్‌షాక్ పేరుతో బయటపడ్డ లోపం బాష్ అనే షెల్‌లో 1989 నుంచీ దాగి ఉంది. ఇంకా వెనక్కు వెళితే, ఆదేశాలనూ అవి పనిచేసే అంకెలనూ ఒకే జ్ఞాపకంలో నిలపవచ్చన్న భావన 1945 జూన్‌లో జాన్ వాన్ నాయిమన్ పేరిట వెలువడిన ఎడ్వాక్ యంత్రపు తొలి ముసాయిదాలో కనిపిస్తుంది. ఆ జ్ఞాపకంలో ఆదేశానికీ సమాచారానికీ పుట్టుకతో వచ్చిన జాతిభేదం లేదు. ఏది ఆదేశమన్నది చదివేవాడు ఎక్కడినుంచి చదవడం మొదలుపెట్టాడన్న దాన్నిబట్టి తేలుతుంది. కంప్యూటర్ సర్వసమర్థం కావడానికి ఏది కారణమో ఇంజెక్షన్‌కు తావిచ్చినదీ అదే.

ఇక మీమాంస. లౌగాక్షి భాస్కరుడి అర్థసంగ్రహం భాట్టమతంలో నేటికీ పాఠం చెప్పే చిన్న ప్రకరణగ్రంథం. విధివాక్యం విన్నప్పుడు ఏమి జరుగుతుందో అందులో ఎంతో పొదుపుగా వివరించాడు. "చేయవలెను" అనే అర్థాన్నిచ్చే క్రియాప్రత్యయాన్ని, సంస్కృత వ్యాకరణంలో లిఙ్ అనేదాన్ని, వినగానే శ్రోతకు "ఇది నన్ను పనికి పురికొల్పుతున్నది" అన్న ఎరుక కలుగుతుంది. ఇలా పురికొల్పే వ్యాపారానికి శాబ్దీభావన అని పేరు. ఆ ప్రేరణకు లోబడి శ్రోత ఫలం కోసం చేసే ప్రయత్నం ఆర్థీభావన. అయితే పురికొల్పే ఈ వ్యాపారం ఉండే చోటు ఏది? లోకంలోని మాటలలో అది మాట్లాడిన పురుషుడిలో ఉంటుంది, అతడి అభిప్రాయవిశేషమే అది. వేదానికి కర్త అయిన పురుషుడు లేడని, అది అపౌరుషేయమని, మీమాంసకుల సిద్ధాంతం; పురుషుడే లేనప్పుడు అభిప్రాయం ఉండదు గనుక వేదవాక్యంలో ఆ వ్యాపారం లిఙ్ మొదలైన శబ్దాలలోనే ఉంటుందని అంగీకరించక తప్పలేదు. ఒకే వ్యాకరణరూపానికి రెండు లోకాలలో రెండు ఆశ్రయాలు చెప్పడం అతిగా చీల్చడమని పైకి కనిపించవచ్చు. ఆ చీలిక ఎంత అవసరమో పై లోపాన్ని పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

షెల్ చేసిన పొరపాటు వాక్యాన్ని తప్పుగా అర్థం చేసుకోవడం కాదు. దాని వ్యాకరణం ప్రకారం అది సరిగ్గానే చదివింది. అది చేసినదల్లా లౌకికవాక్యాన్ని వేదవాక్యంలా వినడం. ఎవరో ఒక మనిషి, తన అభిప్రాయంతో, తన దురుద్దేశంతో పంపిన అక్షరాలను, పలికినవాడంటూ ఎవరూ లేని శాసనంగా, ప్రేరణ మొత్తం శబ్దంలోనే నిండిన విధిగా అది స్వీకరించింది. భాట్టమతానికి మూలపురుషుడైన కుమారిలభట్టు వేదప్రామాణ్యాన్ని నిలబెట్టిన తర్కం ఇక్కడ తలకిందులుగా కనిపిస్తుంది: శబ్దంలో దోషాలు వక్తనుంచే వస్తాయి, వేదానికి వక్త లేడు, కనుక దోషం ప్రవేశించే దారే లేదు అని అతడి వాదన. వక్తను లెక్కలోకి తీసుకోకపోవడమే సర్వర్‌లో దోషానికి ద్వారమైంది. దీన్నిబట్టి భాట్టమతం ఖండితమైందని ఎవరైనా అంటే అది తొందరపాటే అవుతుంది. ఖండితమైనది, మాటకు స్వతహాగా శక్తి ఉందని సందర్భంతో పనిలేకుండా చెప్పే, ఉపన్యాసవేదికల మీద తరచు వినిపించే స్థూలమైన నమ్మకం. భాట్టులు ఆ శక్తిని ఒకే ఒక్క గ్రంథరాశికి కట్టిపెట్టి, దాని చుట్టూ కంచె వేసి, మిగతా లోకపు మాటలన్నిటినీ మాట్లాడినవాడి ఖాతాలోనే రాశారు.

వారు గమనించిన మరొక సంగతి ఇంకా ఆసక్తికరమైనది. విధి ఎంత గట్టిగా చెప్పినా మనిషి వెంటనే కదలడు. యాగానికి ధనం ఖర్చవుతుంది, ఒళ్లు అలుస్తుంది, బద్ధకం అడ్డొస్తుంది. అందుకే శాబ్దీభావనకు మూడు అంశాలు కావాలన్నారు: సాధించవలసినది శ్రోత ప్రవృత్తి, అందుకు సాధనం లిఙ్ మొదలైన ప్రత్యయాల జ్ఞానం, ఆ సాధనానికి తోడుపడే పద్ధతి, అంటే ఇతికర్తవ్యత, ఆ కర్మ గొప్పదన్న ప్రాశస్త్యజ్ఞానం. ఈ మూడవదాన్ని సమకూర్చేవి అర్థవాదాలు, అనగా కర్మను పొగిడే లేదా నిషిద్ధాన్ని తెగడే వాక్యాలు. జైమిని సూత్రాలలో మొదటి అధ్యాయపు రెండవ పాదం వీటితోనే మొదలవుతుంది. దేవుడు లేని విధికి కూడా పొగడ్త తోడు కావలసి వచ్చిందంటే, మానవశ్రోత దున్నపోతు మీద వాన కురిసినట్టు నిలబడగలడని ఆ పండితులకు బాగా తెలుసు. షెల్‌కు ఇతికర్తవ్యత అక్కరలేదు. ఆజ్ఞకూ ఆచరణకూ నడుమ మనిషి తన బద్ధకంతోనో, సందేహంతోనో, బేరంతోనో నింపే ఎడం దానిలో లేదు. "ఇది నన్ను పురికొల్పుతున్నది" అనే నడిమి ఎరుక కూడా లేదు. చైతన్యం లేని యంత్రానికి శాబ్దబోధ, అంటే మాట వల్ల కలిగే ఎరుక, ఎలా చెబుతారని మీమాంసకుడే ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణ సరైనదే. బోధ లేకుండా ప్రవృత్తి మాత్రమే మిగిలిన చోట ఏమవుతుందన్నది అతడి గ్రంథాలలో రాని ప్రశ్న, అందుకే ఇప్పుడు అడగవలసిన ప్రశ్న.

నైయాయికుడు మొదటినుంచీ మరో దారి పట్టాడు. ఉదయనుడు న్యాయకుసుమాంజలి చివరి స్తబకంలో విధి అంటే వక్త అభిప్రాయమే తప్ప మరొకటి కాదని వాదించి, వేదంలో విధి ఉంది గనుక ఆ అభిప్రాయం కలిగిన వక్త, ఈశ్వరుడు, ఉండి తీరాలని తేల్చాడు. ఆంధ్రుడని పండితులు చెప్పుకునే అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఆప్తుడి వాక్యాన్నే, అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పే విశ్వసనీయుడి మాటనే, శబ్దప్రమాణంగా నిర్వచించాడు. వక్తను నిర్ధారించుకోకుండా మాటను లెక్కపెట్టరాదన్న ఈ వైఖరి నేటి కంప్యూటర్ భద్రతకు సహజంగా సరిపోతుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ఓటీపీ, అన్నీ "చెబుతున్నది ఎవరు" అన్న ప్రశ్నకు రూపాలే. విచిత్రమేమంటే ఆ ప్యానెల్ కూడా అదే ప్రశ్న అడిగింది, సరైన జవాబే రాబట్టింది, ఇతడు ఆప్తుడు కాడని నిశ్చయించుకుంది, ఆ నిశ్చయాన్ని కాగితం మీద పెట్టబోయి దెబ్బతింది. అపరిచితుడి మాట షెల్‌ను చేరేసరికి అది అపరిచితుడి మాటగా మిగలలేదు, రూట్ అధికారమున్న ప్యానెల్ నోటి మాట అయింది. అర్థం తెలియని చిలుక పలికిన వాక్యం వినేవాడికి అర్థమవుతుంది కదా, అక్కడ తాత్పర్యం ఎవరిదని నవ్యనైయాయికులు తమను తాము ప్రశ్నించుకున్నారు. నిజమైన మాటకైతే ఈశ్వరతాత్పర్యం, తప్పుమాటకైతే చిలుకకు నేర్పినవాడి తాత్పర్యం అని సర్దుకున్నారు. ఎకో ఆదేశం ఈ చిలుకే. అయితే చిలుకకు నేర్పినవాడు ఒక్కడే. ఎకోకు పలకడం నేర్పినవాడు ఒకడు, పలకవలసిన మాట అందించినవాడు మరొకడు.

వక్తను గుర్తించినా సరిపోని ఈ స్థితికి నార్మ్ హార్డీ అనే ఇంజనీరు 1988లో ప్రకటించిన ఒక చిన్న వ్యాసంలో చక్కని ఉదాహరణ ఉంది. టైమ్‌షేర్ అనే సంస్థ కంప్యూటర్‌లో ఒక కంపైలర్, అంటే ప్రోగ్రామ్‌ను యంత్రభాషలోకి మార్చే సాధనం, తన గణాంకాలను రాసుకోవడానికి వీలుగా దానికి ఒక డైరెక్టరీలో రాసే అధికారం ఇచ్చారు. వినియోగదారుల బిల్లుల ఫైల్ కూడా అదే డైరెక్టరీలో ఉంది. ఒక వినియోగదారుడు తన ప్రోగ్రామ్ ఫలితాన్ని ఫలానా ఫైల్‌లో రాయమని బిల్లుల ఫైల్ పేరే ఇచ్చాడు, కంపైలర్ రాసేసింది, బిల్లులు తుడిచిపెట్టుకుపోయాయి. అధికారం కంపైలర్‌ది, కోరిక వినియోగదారుడిది. రెండూ ఒకే చేతిలో కలిశాయి. మీమాంసలో అధికారవిధి అనే విభాగం సరిగ్గా ఈ కలయికనే పట్టి చూస్తుంది: ఏ కర్మకు ఎవడు అర్హుడో, ఫలం ఎవడికి చెందుతుందో విధిలోనే చెప్పి ఉండాలి, స్వర్గం కోరేవాణ్ణి ఉద్దేశించిన విధికి మరొకడు కట్టుబడడు. ఋత్విక్కు యజమాని కోసం యాగం చేస్తాడు గాని యజమాని అధికారం అతడికి సంక్రమించదు. ప్యానెల్‌కూ షెల్‌కూ మధ్య ఈ తేడాను నిలిపి ఉంచే మాట ఒక్కటి కూడా లేదు.

లోపాన్ని సరిదిద్దే పద్ధతి మాత్రం మీమాంసనుంచీ న్యాయంనుంచీ కాక వ్యాకరణశాస్త్రంనుంచి వచ్చినట్టుంటుంది. పాణిని అష్టాధ్యాయి మొదటి అధ్యాయపు మొదటి పాదంలో అరవై ఎనిమిదవ సూత్రం ఒక సామాన్యవిషయాన్ని నియమంగా పెడుతుంది: లోకవ్యవహారంలో పదం వస్తువును తెలుపుతుంది, వ్యాకరణసూత్రంలో మాత్రం, పారిభాషిక సంజ్ఞలను మినహాయిస్తే, పదం తన రూపాన్నే తెలుపుతుంది. అగ్నిశబ్దానికి ఒక ప్రత్యయం చేర్చి ఆగ్నేయ అనే రూపం సాధించమని సూత్రం చెప్పినప్పుడు ఆ ప్రత్యయాన్ని మండే నిప్పుకణికకు అతికించబోవడం జరిగే పని కాదు. అంటే ఒకే పదం వాడుకలో ఒకటి, ప్రస్తావనలో మరొకటి. ఏది ఏదో తేల్చేది అది ఉన్న చోటు. సంస్కృతంలో "ఇతి", తెలుగులో "అని" ఈ హద్దును మాటలోనే గీస్తాయి. షెల్‌లో ఆ పని కోట్స్‌కు అప్పగించారు, డబుల్ కోట్స్ ఆ పనిని సగమే చేస్తాయి. నిపుణులు సూచించే మందు కోట్స్‌ను బిగించడం కూడా కాదు; ఆదేశాన్ని ఒకే వాక్యంగా కూర్చడం మానివేసి, ప్రోగ్రామ్ పేరును ఒక గడిలోనూ, బయటినుంచి వచ్చిన మాటలను వేరే గడులలోనూ పెట్టి, షెల్ ప్రమేయమే లేకుండా నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్‌కు అందించమంటారు. డేటాబేస్‌ల విషయంలోనూ ప్రశ్న చట్రాన్ని ముందే సిద్ధం చేసి, విలువలను తరువాత వేరుగా పంపుతారు. రెండవ గడిలో కూర్చున్న అక్షరాలు ఎంత ఉగ్రమైన ఆదేశాన్ని పోలినా వాటిని విధిగా చదివేవాడే ఉండడు, అవి స్వరూపమాత్రంగా మిగులుతాయి. ఇక్కడ ఎవరు చెప్పారని ఎవరూ అడగలేదు. ప్రమాదకరమైన అక్షరాల జాబితా పెట్టుకొని వడపోసే మూడవ పద్ధతి ఒకటుంది. అది ఎప్పుడూ ఏదో ఒక అక్షరాన్ని మరిచిపోతుంది గనుక దాన్ని గురించి ఇంతకంటే చెప్పనక్కరలేదు.

చిన్న గుర్తు పెద్ద ఆపద తేవడం వైదికులకు కొత్త కాదు. కొడుకును చంపిన ఇంద్రుడి మీద పగతో త్వష్ట చేసిన హోమం కథ తైత్తిరీయసంహితలో ఉంది, పతంజలి మహాభాష్యపు మొదటి ఆహ్నికంలో దాన్ని తలచాడు. ఇంద్రశత్రువు వృద్ధి పొందాలని త్వష్ట కోరాడు. ఉదాత్తం, అనగా ఎత్తి పలికే స్వరం, సమాసం చివర పడితే ఇంద్రుణ్ణి చంపేవాడని అర్థం, మొదట పడితే ఇంద్రుడే తనను చంపేవాడుగా గలవాడని అర్థం. స్వరం మొదట పడింది, పుట్టిన వృత్రుడు ఇంద్రుడి చేతిలో చచ్చాడు. త్వష్ట మనసులో ఏముందన్నది హోమానికి అక్కరలేకపోయింది. వ్యాకరణం చదవడానికి ప్రయోజనం చెబుతూ పతంజలి ఈ కథను వాడుకున్నాడు. సింగిల్ కోట్‌కూ డబుల్ కోట్‌కూ ఉన్న తేడా ఉదాత్తానుదాత్తాల తేడాకంటే పెద్దదేమీ కాదు.

పాఠం సరిగ్గా ఉంటే చాలునా అన్న ప్రశ్నను వెబ్‌మిన్ ఉదంతం లేవనెత్తుతుంది. జేమీ కామెరన్ 1997లో మొదలుపెట్టిన ఈ ప్యానెల్‌లో, పాస్‌వర్డ్ మార్చే స్క్రిప్ట్‌లో 2019 ఆగస్టులో ఒక ఇంజెక్షన్ లోపం బహిరంగమైంది. విచారిస్తే అది పొరపాటు కాదని, ఎవరో దొంగచాటుగా చొప్పించినదని తేలింది. 2018 ఏప్రిల్‌లో దుండగులు మూలగ్రంథం భద్రంగా ఉన్న గిట్‌హబ్ జోలికి పోకుండా, దానినుంచి విడుదల ప్రతిని తయారుచేసే బిల్డ్ సర్వర్‌లో చొరబడి ఆ ఒక్క ఫైల్‌ను మార్చారు. ఫైల్ తేదీని వెనక్కు జరిపారు గనుక తేడా చూపే పరికరానికి అది దొరకలేదు. 1.890 వెర్షన్‌లో అది జనంలోకి వెళ్లింది. ఫైల్‌ను సరిచేస్తే జులైలో మళ్లీ మార్చారు. ఈసారి పాత పాస్‌వర్డ్ తప్పని చెప్పే పంక్తిలోనే, తప్పుగా ఇచ్చిన ఆ పాస్‌వర్డ్‌ను ఆదేశంగా నడిపే కొన్ని అక్షరాలు పొదిగారు. ఇక్కడ కూడా నిరాకరించే వాక్యమే ఆజ్ఞను నెరవేర్చింది. సెప్టెంబరులో పాత సర్వర్‌ను తీసేసి కొత్తది పెట్టారు, కాని బ్యాకప్‌నుంచి పాత డైరెక్టరీని తెచ్చి అందులో పోశారు. దేహం మారింది గాని వాసన పోలేదు. 2019 ఆగస్టు 17న సంగతి తెలిశాక 1.930 వెర్షన్‌తో అది తొలగింది. గ్రంథంలో పరాయి మాట కలవడాన్ని ప్రక్షేపం అంటారు. వేదంలో అది జరగకుండా పదపాఠం, క్రమం, జట, ఘనం అనే అనేక విధాల అధ్యయనం పెట్టారని, ఒక పాఠాన్ని మరొకటి సరిచూస్తుందని అందరికీ తెలిసినదే. వక్త లేని వాక్యానికి ప్రామాణ్యం ఇచ్చిన సంప్రదాయం ఆ వాక్యపు అక్షరరక్షణకు అంత కష్టపడడంలో ఆశ్చర్యం లేదు, ఒకటి లేకుండా మరొకటి నిలవదు. ఘనపాఠం ఆనాటి చెక్‌సమ్ అని గర్వంగా చెప్పేవారు ఒక మాట మరుస్తారు: పాఠరక్షణ వెబ్‌మిన్‌ను కాపాడగలిగేది, కంట్రోల్ వెబ్ ప్యానెల్‌ను కాపాడగలిగేది కాదు. రెండవదానిలో గ్రంథం చెక్కుచెదరలేదు. పరాయి మాటను నోట పెట్టుకొని పలకమని గ్రంథమే చెప్పింది.

పాపం ఎవరిదన్నది మిగిలిన ప్రశ్న. పాణిని లెక్కలో స్వతంత్రుడే కర్త, ఆ కర్తను పురికొల్పేవాడు హేతువు. సర్వర్‌కు స్వాతంత్ర్యం లేదు గనుక దాన్ని వదిలేస్తే దాడి చేసినవాడు తానే కర్త అవుతాడు. ఇందులో వివాదం లేదు. తెలుగునాట వైదికులలో అనుయాయులు ఎక్కువగా ఉన్న ఆపస్తంబుడి ధర్మసూత్రం రెండవ ప్రశ్న, అనగా రెండవ ప్రకరణం, చివరిభాగంలో స్వర్గనరకఫలాలకు ముగ్గురిని భాగస్వాములుగా లెక్కిస్తుంది: చేయించేవాడు, అనుమతించేవాడు, చేసేవాడు, ఎవరి ప్రయత్నం అధికమో వారికి ఫలం అధికం. ఇందులో చిక్కంతా అనుమతించేవాడితోనే. లోపం ఉందని తెలియని నిర్వాహకుణ్ణి 2022 అక్టోబరుకు ముందు అనుమతించేవాడు అనడం అన్యాయం. లోపం వివరాలు ప్రచురితమై, అమెరికా ప్రభుత్వపు సైబర్ భద్రతా సంస్థ 2023 జనవరి 17న దాన్ని దాడులకు గురవుతున్న లోపాల జాబితాలో చేర్చాక కూడా, సంగతి తెలిసి పాత వెర్షన్‌నే నడిపినవాడు మౌనంగా సమ్మతించినవాడి కోవలోకి వస్తాడు. తన సర్వర్ మీద ఇతరుల సైట్లకు అద్దె తీసుకుంటున్నాడు గనుక అతడి మౌనం సొంత ఇంటి తలుపు మూయని వాడి అలసత్వంతో సమానం కాదు. ప్యానెల్ రచయిత మాట కొంత కఠినమైనది. అతడు చెడు కోరలేదు, అయినా అతడి ప్రయత్నం లేనిదే ఆ ద్వారం లేదు. ఆపస్తంబుడి వాక్యం ప్రయత్నం ఎంతని అడుగుతుంది గాని, తెలియక చేసిన ప్రయత్నాన్ని ఎలా తూచాలో ఆ చోట చెప్పదు. స్మృతులు అజ్ఞానకృతానికి తేలికైన ప్రాయశ్చిత్తం చెబుతాయి గనుక, తప్పు తెలిసిన వెంటనే సరిచేసి విడుదల చేయడాన్ని ఆ ప్రాయశ్చిత్తంగా ఎంచవచ్చు.

షెల్ విషయంలో గడులు వేరుచేసి గట్టెక్కారు. 2022 నుంచే, ప్రాంప్ట్ ఇంజెక్షన్ అన్న పేరుతో, ఇదే రోగం భాషానమూనాలలో, అంటే మామూలు మాటలతో చెప్పిన పనిని చేసే కృత్రిమమేధా వ్యవస్థలలో, కనిపిస్తున్నది. ఒక ఉత్తరాన్ని సంక్షేపించమని ఇస్తే, ఆ ఉత్తరంలోనే "పై మాటలు వదిలేసి ఇలా చేయి" అని ఎవరో రాసి ఉంచిన వాక్యాన్ని అది తనకిచ్చిన ఆజ్ఞగా తీసుకోవచ్చు. యజమాని ఆజ్ఞా, ఉత్తరంలోని మాటా ఒకే ప్రవాహంగా దాన్ని చేరతాయి. నమ్మదగిన రెండవ గడి అక్కడ లేదు, పాణిని మందు పనిచేయదు. మిగిలేది తాత్పర్యనిర్ణయం. అందుకోసం మీమాంసావేదాంతులు ఆరు గుర్తులు చెప్పారు: ఆరంభానికీ ముగింపుకూ పొంతన, అదే విషయం మళ్లీ మళ్లీ రావడం, అది మరోచోట తెలియనిది కావడం, ఫలం చెప్పి ఉండడం, పొగడ్త, యుక్తి. సుదీర్ఘమైన ఉపనిషత్ప్రకరణంలో ఏది ప్రధానమో, ఏది ప్రసంగవశాత్తు వచ్చినదో తేల్చడానికి ఇవి అక్కరకు వచ్చాయి. వీటిని యంత్రానికి నేర్పితే సరిపోతుందని ఆశపడేవాడికి ఒక అడ్డంకి ఎదురవుతుంది. మోసంతో చొప్పించిన వాక్యం కూడా తన ఆరంభాన్ని ముగింపుతో కలుపుకోగలదు, పదేపదే చెప్పగలదు, ఫలం ఆశచూపగలదు, తనను తాను పొగుడుకోగలదు. ఆరు గుర్తులనూ అది వేషంగా ధరించగలదు. మీమాంసకుడికి ఈ ఇబ్బంది రాలేదు, ఎందుకంటే తన ముందున్న గ్రంథంలో దొంగవాక్యం లేదన్న నిశ్చయంతోనే అతడు తాత్పర్యవిచారానికి కూర్చున్నాడు.